నానమ్మ వేసిన వేపాకు

దోస్తులారా, నా రాత కుదురుగా ఉండదు. సర్కారు బడిలో ఐదు దాకా చదివినవాణ్ణి. తప్పులుంటే ఏమీ అనుకోకండి. కాగితం మీద రాసి, ఫొటో తీయించి ఈ గ్రూపులో పెడుతున్నాను.

నిన్న మా మనవడు కొత్తగా కొన్న చేపను వేరే బకెట్టులో ఉంచాడు. అది చూసి సీతాఫల్‌మండిలోని మా చిన్నప్పటి ఇల్లు యాదికొచ్చింది. నాన్న మా అక్క కోసం కిటికీ పక్కన పెట్టిన అద్దాల చేపల తొట్టి, మోటారు బుడబుడ, ఎండు మేత వాసన. మీ ఇళ్ళల్లోనూ ఉండేవి కదా?

ఒకరోజు నేనొక నల్ల చేపను కొన్నాను. "రెండు వారాలు వేరే ఉంచు. రోగముంటే అన్నిటికీ అంటుతది. తెల్ల చుక్కలు కనవడితే రా, మందిస్తా" అన్నాడు దుకాణమాయన. నాకు ఆగబుద్ధి కాలేదు. ఇంటికి రాగానే తొట్టిలో వదిలేశాను.

వారం తిరిగేసరికి చేపలన్నిటి మీదా ఉప్పురవ్వల్లాంటి చుక్కలు. నానమ్మ చూసి, "అమ్మవారు పోసింది బిడ్డా, మందు గిట్ల వెయ్యొద్దు" అని నీళ్ళలో పసుపు, వేపాకు వేసి దండం పెట్టింది. మందుకు పోతే దుకాణమాయన మాట నేను విననిది బయటపడుతుందని నేనూ ఊరుకున్నాను. నాలుగు రోజుల్లో ఒక్క చేపా మిగల్లేదు.

"నీ వేపాకే సంపింది నానమ్మా!" అని అక్క ఏడ్చింది.

"నా చేతులు పాడుగాను" అంది నానమ్మ. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ తర్వాత ఎవరికి జ్వరమొచ్చినా ఆమె వేపాకు ముట్టలేదు. ఆ పాపం తనదే అనుకుంటూ పోయింది.

అక్కా, రోగం తెచ్చింది నేను. ఇది చూస్తే, తిట్టయినా సరే, తొందరగా జవాబు రాయి.