ఇనడ్వర్టెంట్లీ సొన్నప్ప

కబ్బన్‌పేట అద్దకం సొన్నప్ప జన్మలో ఒక్క తప్పూ కావాలని చేసి ఎరగడు. అన్నీ ‘ఇనడ్వర్టెంట్లీ’ జరిగిపోయేవి. యుద్ధం రోజుల్లో కంటోన్మెంటులో ఒక దొర అతన్ని సైకిలుతో గుద్ది, ఆ ఒక్క మాట అనేసి వెళ్ళిపోయాడు. ఆలోచన లేకుండా, తెలియకుండా జరిగిందని దాని అర్థమట. కట్టు కట్టిన కాంపౌండరు చెప్పాడు. మోకాలు మానింది గానీ మాట మానలేదు.

బెల్లం డబ్బా సగమైతే భార్య నంజమ్మ నిలదీసేది.

“తినింది ఎవురు?”

“నేనే. ఇనడ్వర్టెంట్లీ.”

“డబ్బా అటక మింద ఉండాది. పీటేసుకోని ఎక్కి తెలీకుండా తింటివా?”

“ఎక్కేది తెలిసే ఎక్కితినే. తినేదే తెలీలేదు.”

ఇలాంటి మొగుడితో బ్రహ్మదేవుడైనా వాదించి గెలుస్తాడా!

ఒకరోజు జలుబు చేసి సొన్నప్ప పొద్దున్నంతా దుప్పటి ముసుగులోనే ఉన్నాడు. మధ్యాహ్నం నంజమ్మ తోడురాగా రంగుల బట్టీకి వెళ్ళేసరికి అక్కడ ఒకటే గోల. ఎర్రగా తేలవలసిన పెళ్ళిచీర పట్టు నల్లబారి తేలింది. యజమాని మునినారాయణప్ప చిందులు తొక్కుతున్నాడు. పొయ్యి చూసుకునే కదిరమ్మ ఒక మూల వణికిపోతోంది. మొగుడు పోయి ఏడాది కూడా తిరగని పిల్ల. పెళ్ళిపట్టు మీద ఆమె చెయ్యి పడిందని తెలిస్తే మంట ఎక్కువైందని ఎవరూ అనరు, ఆమె నుదుటి రాతనే తిడతారు. ఈ పని పోతే ఇంకో గడప ఆమెను రానివ్వదు.

“ఎవుర్రా ఈ పని చేసింది?”

“నేనేనప్పా,” అన్నాడు సొన్నప్ప. “తెల్లారే వచ్చి రంగేసి పోతిని. ఎక్కువ పడింది.”

నంజమ్మ నోరు తెరిచింది. కదిరమ్మ ముఖం చూసి మూసుకుంది.

“థూ! ఇంక పెళ్ళి రంగు నీ చేతికిచ్చేది లేదు, పో!”

పెళ్ళి ఎరుపంటే సొన్నప్ప చెయ్యే అని పేటంతా చెప్పుకునేది. ఆ మనిషి అందరిముందూ తలవంచుకుని నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక అడిగింది. “తెల్లారి నా పక్కనే గురక పెడతా ఉంటివి కదా. ఆ మాట ఎందుకంటివి?”

“ఏమోనే. ఆ పిల్ల మొగం చూస్తిని. ఆలోచించేలోపల నోట్లోనుంచి పడిపాయ.”

ఇన్నేళ్ళకు సొన్నప్ప ఆ ఇంగ్లీషు మాటకు సరిపోయే పని ఒకటి చేశాడు. తీరా ఆ మాటే అనడం మరిచిపోయాడు.

నంజమ్మ పీట వేసుకుని ఎక్కి, డబ్బా దించి, ఉన్నవాటిలో పెద్ద బెల్లం గడ్డ అతని చేతిలో పెట్టింది.

“ఇదేందే?” అన్నాడు సొన్నప్ప బిత్తరపోయి.

“ఇనడ్వర్టెంట్లీ వచ్చేసింది. తిను.”