కుళాయి బాబాయి, పొదిగే కాలం

కుళాయి బాబాయి ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. అరికాళ్లలో చక్రాలున్నాయని భార్య వేళాకోళం చేసేది. నీళ్ల విభాగంలో ఫిట్టరుగా చేరి ఇరవై ఎనిమిదేళ్లు. ఏ వీధి కింద ఏ గొట్టం ఎటు తిరుగుతుందో, ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ఏ మేడ మీదికి నీళ్లెక్కుతాయో ఆయనకు కొట్టిన పిండి. ఆఫీసులోని పటం తప్పు చెప్పినా ఆయన నోటిమాట తప్పేది కాదు.

అలాంటి మనిషిని ఒక ఉదయం తీసుకొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూలేశారు. మార్కెట్టు వెనక అయిదు వీధుల్లో పచ్చకామెర్లు పుట్టాయి. పదిరోజుల్లో ముప్ఫై ఒక్కమంది పడ్డారు. ఆరోగ్య విభాగం ఇన్‌స్పెక్టరమ్మ ఫిట్టర్లనీ, పారిశుద్ధ్యం వాళ్లనీ పిలిచి పాఠం పెట్టింది. ఆమెకు బాబాయి కూతురి వయసుంటుంది. గొంతు మాత్రం హెడ్మాస్టరుది.

"రోగం రావాలంటే మూడు కలవాలి. రోగాన్ని తెచ్చే క్రిమి, దానికి చోటిచ్చే మనిషి, ఆ ఇద్దర్నీ కలిపే పరిసరాలు. చోటిచ్చే మనిషిని ఆతిథేయి అంటాం."

"ఆతిథేయంటే చుట్టాలకి భోజనం పెట్టేవాడు కదమ్మా?" అన్నాడు బాబాయి. అందరూ నవ్వారు.

"అదే బాబాయ్. కాకపోతే ఇది పిలవని పేరంటం," అంది ఆమె, తనూ నవ్వి. "ఇంకోటి. మూలం వేరు, మార్గం వేరు. ఈ కామెర్లకి మూలం రోగి మలం. అది ఇంకొకరి నోట్లోకి చేరే మార్గం నీళ్లు కావచ్చు, తిండి కావచ్చు, కడుక్కోని చేతులు కావచ్చు. మార్గాన్ని మూసేస్తే రోగం నడవలేదు."

బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కాలు ఊపుతున్నాడు. అప్పుడామె బోర్డు మీద రెండు గీతలు గీసింది.

"ఈ గీత క్రిమి ఒంట్లో దూరిన రోజు. ఇది కళ్లు పచ్చబడిన రోజు. మధ్యలో ఉన్నది పొదిగే కాలం. కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంటుంది. ఈ రోగానికి రెండు వారాల నుంచి ఏడు వారాలు. ఎక్కువ మందికి నాలుగు వారాలు, కాస్త అటూ ఇటూ. అంటే ఇవాళ పడ్డవాళ్లు ఇవాళ్టి నీళ్లు తాగి పడలేదు. వెనక్కి లెక్కపెట్టండి. నెల కిందట ఆ వీధుల్లో ఏం జరిగింది?"

బాబాయి కాలు ఆగిపోయింది. బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టాడు. అందరికంటే ముందు పడింది మూడో వీధి చివరి కుట్టుమిషనావిడ. ఆమె మంచం పట్టి పదిరోజులు. అక్కడి నుంచి నాలుగు వారాలు వెనక్కి... మళ్లీ లెక్కపెట్టాడు. అక్కడికే వచ్చింది.

ఆ రోజు ఆవిడ ఇంటి మూలమీద గొట్టం అతుకు దగ్గర కారుతుంటే వెళ్లింది తనే. అతుకు చుట్టూ బిగించే ఇనప పట్టీ, సరైన కొలత కాలర్, స్టోరులో లేదు. సైకిల్ ట్యూబు కోసి నాలుగు చుట్లు చుట్టి, తీగ బిగించి, మట్టి కప్పాడు. "రెండ్రోజుల్లో కాలర్ వస్తుంది, వచ్చి మార్చేస్తానమ్మా," అన్నాడు. ఆవిడ టీ ఇచ్చింది. మర్నాడు ఊరికి అటు చివర పెద్ద గొట్టం పగిలి, మూడు రోజులు పీకల్లోతు బురదలో ఉన్నాడు. ఆ తర్వాత ట్యూబు కట్టు సంగతి మనసులోంచి జారిపోయింది. రోడ్డువాళ్లు వచ్చి దానిమీద సిమెంటు కూడా పోసేశారు.

"ఎవరికైనా ఏమైనా గుర్తుందా?" అని ఇన్‌స్పెక్టరమ్మ మళ్లీ అడిగింది. బాబాయి లేచి బయటికెళ్లిపోయాడు.

ఆ రోజంతా మూడో వీధిలో అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు తిరిగాడు. సిమెంటు మీద నిలబడ్డాడు. పక్కనే మురుగు కాలువ. కాలువ గోడలో చెయ్యి పట్టేంత బీట. కుళాయి నీళ్లు పరీక్షిస్తే క్లోరిన్ బాగానే ఉందని ఆఫీసువాళ్లు అన్న మాట నిజమే. కానీ ఆ సీసాలు పట్టింది వీధి మొదట్లో, నీళ్లు జోరుగా వస్తున్నప్పుడు.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని లేచిపోయాడు.

"ఏంటి, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అంది భార్య.

చెప్పాడు. ఆవిడ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"చెప్తే ఉద్యోగం ఉంటుందా?"

"ఏమో."

"నీళ్లు కాచుకు తాగమని మైకులో చెప్తూనే ఉన్నారుగా."

"కాచుకునేవాళ్లు కాచుకుంటారు. ఆడుకుని వచ్చిన పిల్లలు కుళాయికే నోరు పెడతారు. అక్కడ నిలబడి చూశాను నేను."

ఆవిడ గరిట కింద పెట్టింది. "అయితే ఇంకా ఇక్కడెందుకున్నావు?" అంది చివరికి.

తెల్లవారి ఆఫీసు తలుపు తీయకముందే గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరమ్మ తాళంచెవి తిప్పుతుండగానే మొత్తం చెప్పేశాడు. ఆమె తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "చోటు చూపించండి," అంది.

మధ్యాహ్నానికి గొయ్యి తవ్వారు. వేరేవాళ్లను దిగనీయకుండా బాబాయే దిగాడు. ట్యూబు సాగి, వదులై, నల్లటి నీళ్లలో నానుతోంది. పైన నీళ్ల విభాగం ఇంజినీరు వంగి చూస్తున్నాడు.

"నీళ్లు వదిలినప్పుడు లోపలి ఒత్తిడికి బయటికి కారుతుంది సార్. ఆపేశాక ఖాళీ అయిన గొట్టం చుట్టూ ఉన్నదాన్ని లోపలికి పీలుస్తుంది. రోజులో ఇరవైమూడు గంటలు ఖాళీయే కదా," అన్నాడు కిందనుంచి.

ఇంజినీరు గొంతు తగ్గించాడు. "పాత గొట్టం, తుప్పు పట్టిందని రాద్దాం బాబాయ్. నీకూ నాకూ గొడవుండదు."

"గొట్టానికి నోరు లేదని దాని మీదికి తోసేస్తే ఎలా సార్? కట్టు నాది. కాలర్లు లేని స్టోరు మీది. రెండూ రాయండి."

ఇంజినీరు మొహం మాడ్చుకున్నాడు కానీ, ఇన్‌స్పెక్టరమ్మ అక్కడే ఉండటంతో రెండూ రాయక తప్పలేదు.

కొత్త కాలర్ బిగించి, గొట్టం కడిగి, క్లోరిన్ నింపాక బాబాయి కుట్టుమిషనావిడ గుమ్మం ఎక్కాడు. ఆవిడ మంచం మీద ఉంది. కళ్లు ఇంకా పసుపురంగే.

"నా వల్లేనమ్మా," అని జరిగింది చెప్పాడు.

"చెప్పకపోతే నాకు తెలిసేదా అన్నా?"

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పావు? ఇప్పుడు నిన్ను చూసినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది," అని అటు తిరిగి పడుకుంది. బాబాయి చెప్పులు చేత్తో పట్టుకునే వీధి దాటాడు.

గొట్టం బాగుపడితే రోగం ఆగుతుందని వీధివాళ్లు అనుకున్నారు. ఆగలేదు. వారంలో తొమ్మిదిమంది, తర్వాతి వారంలో ఏడుగురు పడ్డారు. "ఏం బాగుచేశావయ్యా?" అని జనం బాబాయి మీద పడ్డారు. "వీళ్లు ముందే తాగేసినవాళ్లు. ఇప్పుడు పైకి తేలుతున్నారంతే," అని పొదిగే కాలం గురించి గుమ్మం గుమ్మానికీ చెప్పాడు. ఒక ముసలావిడ, "నీ కోడి ఎన్ని గుడ్లు పెట్టింది నాయనా?" అంది.

ఒకే ఇంట్లో రెండోవాడు పడితే అది నీళ్ల నుంచి కాకుండా మనిషి నుంచి మనిషికి చేతుల ద్వారా రావచ్చని ఇన్‌స్పెక్టరమ్మ చెప్పింది. అప్పటినుంచి సబ్బుల సంచీ భుజాన వేసుకుని తిరిగాడు. రోజూ నీళ్లు వదలగానే వీధి చివరి కుళాయిల దగ్గర చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, చుక్కల మందు వేసి, రంగు వస్తుందో లేదో చూసేవాడు. పసుపురంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. కామెర్ల రంగు చూసి ఊరంతా హడలిపోతుంటే, ఈయనొక్కడే ఆ రంగు కోసం కళ్లు కాయలు కాచేలా చూసేవాడు.

నాలుగో వారంలో గడియారాలు బాగుచేసే పెద్దాయన పోయాడు. ఆయన కాలేయం ముందునుంచే పాడైందని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఎవరో ఊరటగా చెప్పబోతే బాబాయి చెయ్యెత్తి ఆపాడు. శవం వెంట చివరిదాకా నడిచాడు. పెద్దాయన కొడుకు బాబాయిని చూసి మొహం తిప్పుకున్నాడు.

ఆఫీసు వాళ్లు హెచ్చరిక కాగితం ఇచ్చి వేరే వార్డుకు మార్చారు. ఆ వార్డు పని ముగించుకుని సాయంత్రాలు మళ్లీ ఇటే వచ్చేవాడు. స్టోరులోకి అన్ని కొలతల కాలర్లూ వచ్చాయి. కుట్టుమిషనావిడ రెండు నెలలకు లేచింది. మునుపటిలా కబుర్లు లేవు. ఒకరోజు మాత్రం, "మా కుళాయి కూడా చూసి పో," అంది.

చివరి రోగి పడ్డాక వంద రోజులు, అంటే రెండు నిండు పొదిగే కాలాలు, కొత్తవాళ్లు లేకుండా గడిచాయి. "వ్యాప్తి ముగిసినట్టే బాబాయ్," అని ఇన్‌స్పెక్టరమ్మ రిజిస్టరు మూసింది. ఆయన బల్ల ముందు నిలబడే ఉన్నాడు.

"ఇంకో వారం చూద్దామమ్మా."

"లెక్కప్రకారం అక్కర్లేదు."

"లెక్కకి అక్కర్లేదు లేమ్మా. నాకు."

ఆమె ఆయన మొహం చూసింది. చుక్కల మందు సీసా సంచీలో వేసుకుని తనూ చెప్పులు తొడుక్కుంది.