పిడుగు మైసయ్య రెండో పటం

మొన్న మా మనవరాలు చేర్యాల నుంచి బొమ్మల పటం ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. చుట్ట విప్పగానే ఉడికిన చింతగింజల జిగురు, సుద్దమట్టి కలిసిన వాసన గుప్పుమంది. బొమ్మలో పెండ్లి ఊరేగింపు, డోలు వాయించేవాళ్లు, అన్నీ నవ్వుముఖాలే. అయినా నా చెయ్యి ముందుగా రంగు ఆరిందో లేదో తడిమి చూసింది.

నలభైల నాటి సిద్దిపేటలో మా వాడంతా మగ్గాల చప్పుడే. వానలు వెనకబట్టి, దసరా జమ్మి పంచుకోవడం అయ్యాక, ఉట్టి మీద సత్తుపిండి ముద్దలు ఇంకా మిగిలి ఉండగా, మక్కకంకులు కాల్చిన పొగ వాకిళ్లలో తిరుగుతుండగా పటం కథ చెప్పే ఎల్లయ్య వచ్చేవాడు. దీపాలు పెట్టే వేళకు రెండు గుంజల మధ్య పటం కట్టి, ఒక్కో బొమ్మా కిందికి విప్పుతూ, కట్టెతో చూపిస్తూ పిడుగు మైసయ్య కథ ఎత్తుకుంటే, అష్టాచెమ్మ గవ్వలు అక్కడే వదిలేసి మేం పరుగెత్తేవాళ్లం.

పిడుగును పిడికిట పట్టినవాడు మైసయ్య. దున్నపోతును భుజాన వేసుకుని వాగు దాటినవాడు, కోట తలుపును ఛాతీతో పగలగొట్టినవాడు. చివరి బొమ్మలో చెరువుకట్ట తెగుతుంది. ఊరు మునగకుండా మైసయ్య తానే గండిలో అడ్డంగా నిలబడతాడు. నీళ్లు గొంతుదాకా ఉంటాయి, ముఖం పక్కకు తిరిగి ఒక్క కన్నే కనబడుతుంది. అక్కడితో కథ అయిపోయేది. ఎల్లయ్య పటం చుట్టేసేవాడు. చాలాసేపు ఎవరూ లేచేవారు కాదు.

ఒక ఏడు వానలు కుండపోతగా కురిసి మా ఊరి చెరువుకు నిజంగానే గండి పడింది. బాపు తమ్ముడు, మా నర్సింగం చిన్నాయిన, అందరితో పాటు మట్టి బస్తాలు వెయ్యడానికి దిగి, మళ్లీ పైకి రాలేదు. శవం దొరకలేదు. శవం లేనిదే కర్మ ఏందని మా నాయినమ్మ మొండికేసింది. రోజూ కొడుకు కంచంలో జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి మూత వేసేది. తలుపు గడియ వెయ్యనిచ్చేది కాదు. "తడిసి వస్తడు బిడ్డా, సప్పుడుకు లేవకుంటే ఎట్ల?" అనేది నాతో. ఆమె పక్కన పడుకున్న నాకు, గాలికి తలుపు కదిలినప్పుడల్లా తడి అడుగుల చప్పుడే వినిపించేది.

ఆ ఏడు ఎల్లయ్య చివరి బొమ్మ విప్పగానే నాయినమ్మ లేచి పటం దగ్గరకు పోయింది.

"తర్వాత ఏమాయె?" అంది.

"కథ గాడికే ఉన్నదవ్వా. మా తాతలు గంతే చెప్పిన్రు."

"గంతేనంటే ఎట్ల? నీళ్లల్ల నిలవెట్టి పోతరా? బయటికి తీయి."

ఆమె ఇంట్లోకి పోయి, చిన్నాయిన చివరిసారి మగ్గం మీద నేసిన బట్ట చుట్ట తెచ్చి ఎల్లయ్య చేతిలో పెట్టింది. "నా కొడుకు నేసిన బట్ట. గీని మీద తర్వాతి కథ రాపియ్యి." బాపు ఆపబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

మరుసటి ఏడు మైసయ్య రెండో పటం వస్తుందని ఊరంతా ఎదురుచూసింది. పక్క ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. ఎల్లయ్య మాత్రం పటం వైపు చూడకుండానే మొదలుపెట్టాడు. మైసయ్య నీళ్లలోంచి లేచి వచ్చాడు. ఏడుతలల రక్కసుణ్ని చంపాడు, రాజు బిడ్డను పెండ్లాడాడు. రంగులు మొదటి పటం కంటే మెరుస్తున్నాయి గానీ జనం పక్కవాళ్లతో ముచ్చట్లలో పడ్డారు. "గా మైసయ్య ముందట గీడేం మైసయ్య" అని ఎవరో గొణిగారు. ముసలివాళ్లు బొమ్మలు సగం ఉండగానే దులుపుకుని లేచారు.

నేను మాత్రం కదల్లేకపోయాను. నీళ్లలోంచి లేచే మొదటి బొమ్మలో మైసయ్యకు కళ్లు లేవు. రెండు తెల్లని జాగలున్నాయి, వాటి కింద సన్నటి నల్లటి చారలు. అలా కళ్లు లేకుండానే అతను సూటిగా మావైపు ముఖం పెట్టి నిలబడ్డాడు.

"కండ్లెందుకు పెట్టలే?" అంది నాయినమ్మ.

ఎల్లయ్య చేతిలోని కట్టె కింద పెట్టాడు. "చేర్యాలల బొమ్మలు రాసేటాయన ఎన్నిసార్లు పెట్టినా కారిపోయినయంట అవ్వా. కడమ బొమ్మలన్ని ఆరినయ్. గిదొక్కటే ఆరలే. నేను ఎండకేసిన, పొయ్యి కాడ పెట్టిన. సూడు, ఇంకా చెమ్మనే."

నాయినమ్మ ఆ తెల్లని జాగ మీద అరచెయ్యి ఆనించింది. తీసి వాసన చూసుకుంది. తర్వాత నా ముక్కు దగ్గర పెట్టింది. చింతగింజల వాసన లేదు. చెరువు అడుగు బురద వాసన.

"వీడు రాలే," అంది మెల్లగా. "గీళ్లు ఉత్తగ వచ్చిండని రాసిన్రు. నా కొడుకు రాలే."

అప్పుడు ఏడ్చింది. గండి పడిన నాటి నుంచి ఆమె ఏడవడం అదే మొదటిసారి.

చిరిగిన పాత పటాలకు మనుషులకు కర్మ చేసినట్టే పసుపు కుంకుమ పెట్టి నీళ్లలో కలిపే ఆచారం ఉంది. కొత్త పటానికి అలా చేయమని ఎవరూ అడగరు. నాయినమ్మ అడిగింది. ఏడాదంతా దాని మీదే ఆశ పెట్టుకున్న ఎల్లయ్య వెంటనే పటం చుట్టేశాడు. "దాన్ని ఇంట్ల పెట్టుకోని పండలేకపోతున్న అవ్వా" అన్నాడు.

మర్నాడు పొద్దున బాపు గుండు చేయించుకుని తమ్ముడికి పిండం పెట్టాడు. ఎల్లయ్య పటాన్ని రాయి కట్టి చెరువులో వదిలాడు. రాయి మునిగింది, కట్టు ఊడిందేమో పటం తేలింది. గాలి లేదు. అయినా ఎవరో అంచు పట్టి లాగినట్టు అది తనంతట తానే విచ్చుకుంటూ, రక్కసుడూ పెండ్లిపందిరీ ఒక్కొక్కటే నీళ్ల మీద పరుచుకుంటూ, పాత గండి దిక్కుగా పోయింది. కళ్లు లేని బొమ్మ ముందు మునిగింది. మిగతాదంతా దాని వెంట జారిపోయింది.

ఇంటికి రాగానే నాయినమ్మ ఆ కంచం కడిగి బోర్లించింది. ఆ రాత్రి తలుపుకు తానే గడియ వేసింది.

ఇప్పుడు మా వాడలో మగ్గం లేదు. ఎల్లయ్య తర్వాత పటం కట్టేవాళ్లు రావడం మానేశారు. గండి పడిన చోట రంగుదీపాలు పెట్టారు, పిల్లలు పడవలెక్కుతున్నారు. రెండో కథ మొదటిదానికి సాటి రాలేదని ఆనాడు ఊరంతా అంది, నేనూ కాదనను. కానీ మా నాయినమ్మ చచ్చిపోయే ముందు ఆ గొప్ప మొదటి పటాన్ని తలచుకోలేదు. "గా కండ్లు లేనోడు ఒడ్డుకు తగిలిండా బిడ్డా?" అని నన్ను అడిగింది. తగిలిండని చెప్పాను.