సగం మిగిలిన గోలీలు

కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో మహిమ మైక్రోబయాలజీ చెబుతుంది. మందుకు లొంగని గుణం బ్యాక్టీరియా జన్యువుల్లో ఎలా పుడుతుందో, ఒక క్రిమి నుంచి పక్క క్రిమికి ఎలా పాకుతుందో ఏళ్ల తరబడి చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పుట్టడమే మిగిలింది. పిల్లలు ఆ పాఠమంతా పరీక్షలో చక్కగా రాస్తారు. కాస్త ఒళ్లు వెచ్చబడగానే మెడికల్ షాపుకు ఉరికి, రెండు గోలీలు మింగి, మిగిలినవి జేబులో వేసుకుంటారు. ఇంక ఎవరికి చెప్పుకోవాలి?

అంతకన్నా ఒళ్లు మండే చోటు ఒకటుంది. పెద్దపల్లి దగ్గర వాళ్ల ఊరి చర్చి వాకిట్లో ఒక రేకు డబ్బా పెట్టారు. జబ్బు నయమైనవాళ్లు మిగిలిన గోలీలు అందులో వేస్తారు, కొనుక్కోలేనివాళ్లు తీసుకుంటారు. ఈ ధర్మానికి పెద్ద దిక్కు మహిమ తల్లి రిబ్కమ్మే.

ఈసారి రిబ్కమ్మకే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. మహిమ తన ల్యాబులోనే ఆ క్రిములను పెంచి, వాటి మధ్య రకరకాల మందు బిళ్లలు పెట్టి చూసింది. ఏ మందు బిళ్ల పక్కన చూసినా క్రిములు దర్జాగా పెరిగాయి. ఒక్క మందు దగ్గరే చచ్చాయి. డాక్టరు అదే రాసిచ్చి, ఇదీ పనిచేయకపోతే ప్రాణం మీదికొస్తుందన్నాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ అయ్యగారిని అడిగి లేచి నిలబడింది.

"డాక్టర్ చెప్పినన్ని గోలీలు మింగాలె. నడుమల ఆపితే సావని క్రిములు బలుస్తయి, పక్కవాటిని గూడ మొండిగ జేస్తయి. సగం గోలీలు ఇంట్ల దాసుకోకుండ్రి" అని బతిమాలింది. అందరూ తలలూపారు. రిబ్కమ్మ అందరికన్నా ఎక్కువ ఊపింది.

మరుసటి ఆదివారం మహిమ వెళ్లేసరికి డబ్బా నిండి కింద కూడా గోలీలు పడి ఉన్నాయి.

"జూసినవా బిడ్డా! నువ్వు ఇంట్ల ఉంచద్దంటివి, ఒక్కలు దాసుకోలే, అందరు తెచ్చి ఏసిండ్రు" అంది రిబ్కమ్మ మురిసిపోతూ.

మహిమకు ఏడుపొచ్చినంత పనైంది. డబ్బాలో చెయ్యి పెట్టి కెలికితే ఒక స్ట్రిప్పు తగిలింది. ల్యాబులో క్రిములను చంపిన ఆ ఒక్క మందూ అదే.

"అవ్వా, ఇవి నీయి గాదా?"

"నాయే. మంట తగ్గింది గద. చెప్పినదాని అవ్వను, నేనే ముందుగాల ఎయ్యకుంటే మంది ఏమంటరు?"

ఆ మాటంటూనే రిబ్కమ్మ, అంత ఎండలోనూ, కొంగు భుజాల నిండా కప్పుకుంది.

"ఎందుకో పొద్దుగాల నుంచి జర సలి వెడ్తుంది బిడ్డా."