గంట కొట్టని శనివారం

దయ్యాలు, మహిమలు, శకునాలు... వీటిలో ఒక్కటి కూడా నేను నమ్మను. పిల్లి ఎదురొస్తే పాపం దానికేదో పనుందనుకుంటాను. నా వృత్తి బండలు పేల్చడం. తీగ సరిగ్గా కలిస్తే పేలుతుంది, కలవకపోతే పేలదు. మధ్యలో ఇంకో సంగతి ఉండదు. అలాంటివాణ్ణి, ఈ ఒక్క సంగతి దగ్గర ఇప్పటికీ ఆగిపోతాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరే తేల్చుకోండి.

తొంభైల చివరి మాట. హైటెక్ సిటీలో మొదటి భవనం లేస్తున్న రోజులు. కొండాపూర్, రాయదుర్గం చుట్టుపక్కల ఎటు చూసినా గుట్టలే. రోడ్లకీ పునాదులకీ వాటిని పగలగొట్టాలి. నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి, కూకట్‌పల్లిలో ఒక వాటా అద్దెకు తీసుకుని, ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. బండలో మందు పెట్టించడం, తీగలు కలపడం, చివర్లో ఎక్స్‌ప్లోడర్ పెట్టె హ్యాండిల్ తిప్పి పేల్చడం నా బాధ్యత. ఆ హ్యాండిల్ వేరేవాళ్ళ చేతికి ఇచ్చేవాణ్ణి కాదు.

మేం కొట్టే గుట్టను ఆనుకుని కన్యస్త్రీల మఠం ఒకటి ఉండేది. మామూలు కాన్వెంటు కాదు. బడి లేదు, ఆసుపత్రి లేదు. ఒకసారి లోపలికి వెళ్ళిన సిస్టర్లు ఇక బయటికి రారు. కన్నవాళ్ళు చూడవచ్చినా ఇనుప జాలీ అవతల నుంచే మాట్లాడాలి. బజారు పనులకు మాత్రం ఫిలోమినా సిస్టర్ అని ఒకావిడ తిరిగేది. వాళ్ళకేదైనా ఇవ్వాలంటే గోడలో గుండ్రంగా తిరిగే చెక్క అర ఉంటుంది. అందులో పెట్టి తలుపు తడితే అవతలివాళ్ళు తిప్పి తీసుకుంటారు. మనిషి కనపడదు, గొంతు వినిపిస్తుంది.

"జైలుకైనా విడుదల ఉంటుంది సిస్టర్, వీళ్ళకు అదీ లేదు" అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. ఫిలోమినా సిస్టర్‌కు కోపం వచ్చేది కాదు. వాళ్ళు తెల్లవారకముందే లేస్తారట. రోజుకు ఏడుసార్లు మఠం లోపలి గుడిలో చేరి కీర్తనలు పాడతారట. మధ్యలో మాటల్లేకుండా తోటపని, కుట్టుపని, చర్చిల్లో పూజకు వాడే పలచటి అప్పాలు కాల్చడం. సాయంత్రం కాసేపు మాత్రం అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకుని పగలబడి నవ్వుకుంటారట.

"ఇంతకీ వీళ్ళ వల్ల లోకానికి ఉపయోగమేంటండీ?" అని అడిగాను.

"లోకానికి దేవుణ్ణి అడిగే తీరిక లేదు కదా బాబూ. దాని బదులు వీళ్ళు అడుగుతారు" అంది.

నాకు నవ్వొచ్చింది. ఇంకొకరి బదులు అడగడం కూడా ఒక ఉద్యోగమేనా అనుకున్నాను.

పని మొదలుపెట్టే ముందు మఠం పెద్ద మదర్‌గారితో జాలీ దగ్గర ఒక ఏర్పాటు చేసుకున్నాం. మధ్యాహ్నం ప్రార్థనకు గంట కొడతారు. అది విని సిస్టర్లందరూ గుట్టకు దూరంగా ఉన్న గుడిలో చేరతారు. గంట ఆగాకే మేం పేల్చాలి. మోగుతున్నంతసేపూ పేల్చకూడదు. ఈ పద్ధతి మాకు ఎంత ఒంటబట్టిందంటే, గుట్టకు మూడు వైపులా ఎర్రజెండా పట్టుకుని మనుషులు నిలబడేవాళ్ళు, మఠం వైపు మాత్రం ఎవరూ ఉండేవాళ్ళు కాదు. అటు సంగతి గంట చూసుకుంటుందని, ఆ దారిన వచ్చేవాళ్ళు కూడా గంట విని ఆగుతారని మా ధీమా.

ఈస్టర్ దగ్గరికొచ్చింది. ఫిలోమినా సిస్టర్ వచ్చి, గురువారం రాత్రి నుంచి శనివారం రాత్రి దాకా గంట మోగదని చెప్పింది. ప్రభువు మరణాన్ని తలుచుకునే ఆ రోజుల్లో గంట కొట్టరట, చెక్కలు టకటకలాడించి లోపలివాళ్ళను పిలుస్తారట. శుక్రవారం పేల్చవద్దని బతిమాలింది. శనివారం మధ్యాహ్నం ఎప్పట్లాగే గుడిలో ఉంటాం, మీ పని కానివ్వండి అంది. సరేనన్నాం.

ఇక్కడే మా బుర్రలు పనిచెయ్యలేదు. గంట లేనప్పుడు అటు కూడా ఒక మనిషిని నిలబెట్టాలి కదా! ఒక్కడికంటే ఒక్కడికి తట్టలేదు.

శనివారం ఎండ మండిపోతోంది. శుక్రవారం పని ఆగిందని కాంట్రాక్టరు చిటపటలాడుతున్నాడు. తీగలు కలిపాం. సైరన్ వేశాం. మూడు వైపులా జెండాలు ఊగాయి. నేను హ్యాండిల్ పెట్టెలో బిగించి, తిప్పడానికి పట్టు బిగించాను.

అప్పుడు మోగింది గంట!

రోజూ మోగినట్టు కాదు. ఊపిరి తీసుకోకుండా, ఎవరో తాడు పట్టుకుని వేలాడుతున్నట్టు మోగింది.

"ఆగుండ్రి సార్! గంట కొడుతున్నరు!" అని మా డ్రిల్లర్ మల్లేశం కేక వేశాడు. కొండాపూర్ మనిషే అతను, ఆ గంట వింటూ పెరిగినవాడు. "ఇయ్యాల ఉండదన్నరు గదా, ఏందిది?"

కాంట్రాక్టరు కూడా చటుక్కున మఠం వైపు తిరిగాడు. అంటే అది నా ఒక్కడి భ్రమ కాదు. "మోగితే మోగనీవయ్యా, నువ్వు తిప్పు" అన్నాడు. నిజం చెబుతున్నాను, తిప్పాలనే అనుకున్నాను. గంట మోగుతుంటే చెయ్యి తిరగలేదు. అంత అలవాటైపోయింది.

హ్యాండిల్ ఊడబెరికి, తీగలు విప్పేసి, అటు ఏమైందో చూద్దామని తిట్టుకుంటూ గుట్టెక్కాను.

మందు కూరిన బండ నీడలో నా భార్య కూర్చుని ఉంది. కొంగుతో విసురుకుంటోంది. పక్కన టిఫిన్ క్యారియర్.

"భోజనాల సైరన్ అయింది కదండీ, ఇంకా రారేంటి?" అంది.

రెక్క పట్టుకుని కిందికి లాక్కొచ్చాను. గంట ఎప్పుడు ఆగిందో మాలో ఎవరూ గమనించలేదు.

కిందికొచ్చాక అసలు సంగతి బయటపడింది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా మాకు పిల్లల్లేరు. నాకు తెలియకుండా కొంతకాలంగా ఆవిడ మఠానికి వెళ్ళి, ఆ చెక్క అరలో అరటిపళ్ళు పెట్టి, మాకోసం ప్రార్థన చెయ్యమని అడుగుతోందట. గర్భం నిలిచిందని ఆ ఉదయమే డాక్టరమ్మ చెప్పిందట. ఆ కబురు ముందు వాళ్ళకు చేరవేసి, మఠం పక్క దారిన గుట్ట మీదుగా నా దగ్గరికి బయల్దేరింది. మొగుడికంటే ముందు గోడకు చెప్పింది, చూడండి! నేను నవ్వాను, ఏడ్చాను, అందరి ముందూ ఆవిడ చేతులు పట్టుకుని వదల్లేదు. ఒకరిని కాదు, ఇద్దరిని చంపుకోబోయాను.

వెంటనే మఠానికి పరుగెత్తి చెక్క అర తలుపు తట్టాను. "సమయానికి గంట కొట్టి నా ఇల్లు నిలబెట్టారు తల్లీ" అన్నాను.

అవతల నుంచి మదర్‌గారి గొంతు వినిపించింది. "ఇవాళ మేం గంట కొట్టలేదు బాబూ. మాకెవరికీ వినపడనూ లేదు."

నేను వాదించాను. ఫిలోమినా సిస్టర్ నన్ను ఆవరణ బయటి నుంచి తిప్పి గంటగూడు చూపించింది. గంట నాలుకకు గుడ్డ చుట్టి ఉంది. తాడు పైకి లాగి కట్టేసి ఉంది. ఆ చుట్టుపక్కల ఇంకో గుడి గానీ, చర్చి గానీ, గంటలున్న బడి గానీ లేదు.

గంట కొట్టే సిస్టర్‌ను మదర్‌గారు జాలీ దగ్గరికి పిలిపించారు. చిన్న వయసు గొంతు, ఒంగోలు యాస.

"నన్ను పొగడమాక అన్నా" అంది. "ఆ సమయానికి గుడిలో కూర్చుని నిద్రపోయాను. కనీసం ప్రార్థన కూడా చెయ్యలేదు." నేను జాలీకి దండం పెట్టి వచ్చేశాను.

మల్లేశం మాత్రం, "ఎవరు కొడితే ఏంది సార్, వదినమ్మ బతికింది. ఇగ ఫికర్ ఎందుకు?" అన్నాడు. ఆ తర్వాత గంట ఉన్నా లేకున్నా మఠం వైపు జెండా మనిషి లేకుండా నేను ఒక్క బండ కూడా పేల్చలేదు.

ఇంటికెళ్ళాక మా ఆవిణ్ణి గట్టిగానే అడిగాను. "గంట అంతలా మోగుతుంటే లేచి చూడొద్దూ?"

"ఏ గంటండీ?" అంది.

సైరన్ వినపడిందట. మల్లేశం కేక కూడా వినపడిందట, ఎవరో కూలీని పిలుస్తున్నాడనుకుందట. గంట మాత్రం మోగనే లేదంది. మఠానికీ మాకూ సరిగ్గా మధ్యలో, మాకంటే దగ్గరగా కూర్చున్న మనిషి! ఎన్నిసార్లు అడిగినా, ఇన్నేళ్ళ తర్వాత మా అమ్మాయి అడిగినా, అదే మాట. లోపలున్నవాళ్ళు వినలేదు, బండ కింద ఉన్నావిడ వినలేదు. ఎవరి చెయ్యి ఆగాలో వాళ్ళకే వినపడింది. ఎలా అంటే, నాకు తెలియదు.