నీళ్ల నడుమ ఇల్లు

ఉద్యోగ విరమణ తర్వాత సున్నిపెంట డ్యాం కాలనీలోని క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు నా భార్య ఒక్క షరతే పెట్టింది. ఇల్లు చిన్నదైనా, బస్సు దూరమైనా సర్దుకుంటుంది. తనను మాత్రం ఇంకోసారి ఎవరూ లేచి పొమ్మనకూడదు. ఆమె పుట్టిన ఊరు శ్రీశైలం జలాశయం అడుగున ఉంది. ఆ జలాశయం నీటిమట్టాన్ని కొలిచే ఉద్యోగంలోనే నేను జీవితమంతా గడిపాను. వేసవిలో నీళ్లు బాగా దిగిన సంవత్సరాల్లో వాళ్ల ఊరి చర్చి మెట్లు బయటపడ్డాయని నేను వచ్చి చెప్పేవాణ్ణి. ఆమె ఒక్కసారి కూడా చూడడానికి రాలేదు.

అయినా నీళ్లంటే ఆమెకు భయం లేదు. ఏటి ఒడ్డున పెరిగిన మనిషి కనుక, నీళ్లు కనిపించే చోటే ఉండాలని కోరుకుంది. వెతకగా రెండు ఊర్లు తేలాయి. ఒకటి నంద్యాల వైపు, కుందూ ఏటి మలుపులో. రెండవది ఆళ్లగడ్డ వైపు, రెండు వాగుల నడుమ. రెండూ కాస్త ఎత్తయిన తిప్పల మీద కట్టుకున్నవే. గట్టి వానలు కురిస్తే చుట్టూ ఉన్న నల్లరేగడి చేలు మునిగి, దారి తెగి, కొన్ని రోజులు ద్వీపాలైపోతాయి. మిగతా సంవత్సరమంతా చప్పుడు లేకుండా ఉంటాయి. ఆ నిశ్శబ్దం ఆమెకు నచ్చింది. నాకు అనుమానం కలిగించింది. నడుస్తున్న యంత్రం ఉన్నట్టుండి చప్పుడు మానేస్తే సంతోషించే అలవాటు మా వృత్తిలో లేదు.

అందుకని ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడల్లా సంచిలో నీళ్ల ట్యూబు పెట్టుకునేవాణ్ణి. గోడలు కట్టేటప్పుడు మేస్త్రీలు వాడే సన్నని ప్లాస్టిక్ గొట్టం అది. లోపల నీళ్లు నింపి చెరొక కొస ఎంత దూరంలో పట్టుకున్నా, రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. మనుషుల మాట కన్నా నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను.

కుందూ మలుపులోని ఇల్లు నంద్యాలలో కొట్టు నడిపే ఒక షావుకారుది. పాత మిద్దె, నేలంతా నాపబండలు. గోడలకు నడుము ఎత్తు వరకు కొత్త సున్నం, ఆ పైన పాతది.

“వానాకాలంలో ఇంట్లోకి నీళ్లు వస్తాయా?” అని అడిగాను.

“ఈడికా? ఈడికి యాడొస్తాయప్పా. కుందూ బుద్ధిగల్ల ఏరు. దాని దారిన అది పోతాది.”

“సున్నం కింద మాత్రమే వేయించారేం?”

“పిల్లోల్లు చేతులు పెడ్తారు గదా సార్.”

“ఇంటికి తాళం వేసి చాలా రోజులైందన్నారు?”

“వస్తా పోతా ఉంటారు లే.”

దీపం గూట్లో వేలు పెట్టి చూశాను. సున్నం బ్రష్షు అందని మూలలో మెత్తటి ఒండ్రు తగిలింది. ట్యూబు తీసి ఒక కొస ఆ గూటి దగ్గర నేను పట్టుకుని, రెండవ కొస షావుకారు చేతికే ఇచ్చి, పెరటి కంచె దగ్గర నిలబడమన్నాను. కంచె ముళ్లకంపలో ఎండుగడ్డి ఒకే ఎత్తున వరుసగా చిక్కుకుని ఉంది. వరద తీసినప్పుడు అలాగే మిగులుతుంది. నా వైపు నీళ్లు ఒండ్రు మట్టానికి వచ్చేసరికి, అతని వైపు నీళ్లు సరిగ్గా ఆ గడ్డి ఎత్తునే నిలిచాయి. షావుకారు నీళ్లను చూశాడు, గడ్డిని చూశాడు, నన్ను చూశాడు.

“మీరు ఇల్లు కొనేకి వచ్చినారా, కేసు పెట్టేకి వచ్చినారా?” అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో నా భార్య, “నీళ్లొచ్చేదానికి కాదు నేననేది. రానే రావన్న్యాడు చూడండి, దానికి,” అంది. ఆ ఊరు అంతటితో ముగిసింది.

ఆళ్లగడ్డ వైపు ఊర్లో ఇల్లు ఒక పెద్దావిడది. ఆమె, ఆమె తమ్ముడు పక్కింట్లో ఉంటూ రోడ్డు వైపు ఇల్లు అమ్మజూపారు. ఊరి చివర చిన్న చర్చి ఉందని తెలిసి నా భార్య ముఖం విచ్చుకుంది. నీళ్ల సంగతి అడిగితే పెద్దావిడ తడుముకోకుండా చెప్పింది.

“వస్తాయి. అరుగు కాడికి వస్తాయి, మెట్టెక్కవు. రెండు దినాలుంటాయి, పోతాయి.”

అరుగు కొలిచాను. తిప్ప అంచు నుంచి ఇంటి గడప దాకా, అక్కడి నుంచి చర్చి మెట్ల దాకా మట్టాలు చూశాను. ఆమె చెప్పింది నిజమే. అయినా ఒక విషయం మనసులో ముల్లులా ఉండిపోయింది. ఊరి జనం గుమ్మాల్లో నిలబడి చూశారే గానీ ఒక్కరూ “యా ఊరప్పా?” అని అడగలేదు. మా సీమలో కొత్త మనిషిని అలా వదిలేయరు.

రెండోసారి వెళ్లేసరికి అనుమానం బలపడింది. ఇంటి పెరడంతా మామిడి మొక్కలు నాటి ఉన్నాయి, ఒక దాని ఆకు మరో దానికి తగిలేంత దగ్గరగా. పక్కిళ్ల పెరళ్లలోనూ అంతే. పశువుల తొట్టి చుట్టూ కూడా నాటారు. కప్పు లేని ఒక మొండిగోడ మీదకు కొత్త రేకులు వచ్చాయి. మామూలు ఊరు ఇన్నాళ్లు ఊరుకుని, నేను వచ్చి వెళ్లగానే ఇంత హడావిడి ఎందుకు చేసింది? ఇది ఏదో మోసమని తేల్చుకుని, వెళ్లిపోదామని నా భార్యతో అనబోయాను.

ఆమె మొక్కల దగ్గర కూర్చుని ఒక దాని మొదలు పట్టుకుంది. “మా నాయన కూడా ఇట్లనే నాటినాడు,” అంది.

ఊరు ముంపులో పోతుందన్నప్పుడు కొలతలవాళ్లు వచ్చి ఇల్లు, బావి, కాపు చెట్లు లెక్క రాసుకునేవారు. వాటిని బట్టే పరిహారం. వాళ్లు వస్తున్నారని తెలియగానే ఆమె తండ్రి ఉన్న కాస్త చోటులో మొక్కలు కిక్కిరిసి నాటాడట. కొలతలవాళ్లు చూసి నవ్వి, లెక్కలో చేర్చకుండా పోయారట.

ఆమె లేచి పెద్దావిడ దగ్గరికి వెళ్లింది. “అక్కా, ఈ సారు ఎవరనుకుంటిరి?”

“ఎవరనుకుంటాం. డ్యామోళ్ల మనిషి.”

“ఇల్లు కొనేకి వచ్చినామని చెప్పినాం గదా.”

“చెప్తిరి. బర్రెను కొనేకి వచ్చినోడు పాలెన్నిస్తాదని అడుగుతాడు గానీ తోక పొడుగు కొలుస్తాడామ్మా?”

పెద్దావిడ తమ్ముడు నా వైపు తిరిగి, “కొనేది లేదు, ఏంది లేదు. ఎన్నడు లేపుతారో చెప్పు సార్, చాలు,” అన్నాడు.

“నేను రిటైరైనాను. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు.”

“మల్ల చేన్లల్లో రాళ్లు పాతి పోయినారు, అవి ఎవురివి?”

రాళ్ల మాట వినగానే నా భార్య, “అయితే వద్దు లెండి. పోదాం,” అని చేతిసంచి అందుకుంది.

ఒకసారి రాళ్లు చూసి పోదామని నేనే ఆపాను. వాగు పక్కనుంచి మొదలై, తిప్పకు అవతల ఉన్న మెరక మీదుగా, ఊరికి ఎడంగా హద్దు రాళ్లు ఒకే వరుసలో పోతున్నాయి. జలాశయం అంచుకు పాతిన రాళ్లయితే అన్నీ ఒకే మట్టంలో ఉండాలి, ఎందుకంటే నిలిచిన నీటి అంచు ఎక్కడా ఎక్కదు, దిగదు. కనుక ఆ రాళ్లు మెరకను చుట్టుకుని పోవాలి. ఇవి మెరకనెక్కి దిగుతున్నాయి. మెరక మీది రాతి దగ్గర నేను ట్యూబు పట్టుకుని, కింది రాతి దగ్గర తమ్ముణ్ణి నిలబెట్టాను. నా వైపు నీళ్లు రాతి నెత్తి దగ్గర నిలిచేసరికి, తన కొసను అతను తలకు పైన చెయ్యెత్తి పట్టుకోవలసి వచ్చింది.

“ఇవి రోడ్డుకో, కరెంటు తీగకో పాతినవి,” అన్నాను. “నీళ్లకు కాదు.”

“రోడ్డొస్తే లేపరా?”

“చేను కొంత పోవచ్చు. రాళ్ల వరుస ఊరి మీదికి రావడం లేదు. నాకు తెలిసింది అంతవరకే.”

“నీకు తెలిస్తే సరిపాయనా, ఆఫీసులో కూచున్నోనికి తెలియొద్దా?” అన్నాడు అతను.

నా భార్య అంతవరకు ఆ ట్యూబును ఎన్నడూ ముట్టుకోలేదు. ఇప్పుడు వచ్చి తమ్ముడి చేతిలోని కొస తీసుకుంది. తర్వాతి రాతి దగ్గరికి, ఆ తర్వాతి దానికి తనే నడిచి, ప్రతిచోటా నీళ్లు కదలడం ఆగేదాకా చూసింది. నా మాట ఊరికే నమ్మలేదు. అది నాకు న్యాయంగానే తోచింది. చివరి రాతి దగ్గర ట్యూబు చుట్టి నాకు ఇచ్చేసి, నేరుగా పెద్దావిడ ఇంటికి వెళ్లింది.

“ఇల్లు మేం తీసుకుంటాం అక్కా.”

“మొక్కలు పీకించేయమంటావా?”

“వద్దు. నేను చూసుకుంటా.”

ఆ ఇంట్లో దిగిన వారంలోనే ఆమె పెరట్లోని మొక్కలు చాలావరకు తీసేసి, పెరిగి కొమ్మలు చాపితే ఒకదానికొకటి తగలనంత ఎడంతో కొన్నిటిని మాత్రం ఉంచింది. ఆ ఎడం నన్ను కొలవమనలేదు, తనే అడుగులు వేసి చూసుకుంది. పక్కిళ్లవాళ్లు పలకరిస్తారు, పండగకు పిలుస్తారు, మజ్జిగ పంపుతారు. తమ పెరళ్లలోని మొక్కల్ని మాత్రం ఇంకా ఒక్కటి కూడా తీయలేదు.