టకటక మామయ్య

మా చిన్న మామయ్య ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీని పరీక్షించి, ఆ తర్వాతే కూర్చుంటాడు. కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, రిటైరైన రోజున వాచీ ఇస్తామంటే వద్దని, రేడియేషన్ కొలిచే పాత డబ్బా అడిగి తెచ్చుకున్నాడు. కిరణాలు తగిలితే అది టకటకమంటుంది. అందుకే ఆయన టకటక మామయ్య అయ్యాడు.

అత్తయ్య పచ్చగాజు గిన్నె, అటక మీది గ్యాసు లైటు మాంటిల్ దాన్ని టకటకమనిపించి, ఆ డబ్బాకే బలయ్యాయి.

"పెళ్ళికి ముందు నన్ను కూడా కొలిచారా?" అని అడిగింది అత్తయ్య.

"అప్పటికి డబ్బా లేదు. ధైర్యం చేశాను."

ఎవరైనా అరటిపండు ఒలిస్తే, "అందులోనూ కాస్త రేడియేషన్ ఉంటుంది. భయం లేదు, తిను" అంటాడు. ఇక ఎవరు తింటారు?

మా పాపకు మూడో నెలలో డబ్బాతో దిగాడు. ఉయ్యాల, పాలసీసా, గిలక్కాయ పాసయ్యాయి. మా అమ్మమ్మ మంచం పక్కనున్న తాతయ్య గడియారం దగ్గర మాత్రం డబ్బా గగ్గోలు పెట్టింది. చీకట్లో అంకెలు మెరవాలని పూర్వం పూసిన రేడియం రంగట. ఉయ్యాల దానికి బారెడు దూరంలో ఉంది. నేను గబుక్కున పాపను ఎత్తుకున్నాను.

"అమ్మా, దీన్ని తీసేద్దాం" అన్నాడు మామయ్య అమ్మమ్మతో.

"మీ నాన్న రోజూ కీ ఇచ్చిన గడియారంరా. దాన్ని పారేస్తే నేనూ బయటికే."

"పోనీ, పాపను వేరే గదిలో..." అన్నాను నేను.

"పాప నా దగ్గరే పడుకుంటుంది."

అమ్మమ్మది ఉడుంపట్టు. నేను ఉయ్యాలను కిటికీ దాకా జరపడం, ఆవిడ మళ్ళీ లాక్కోవడం. భయంతో ఆ వారమంతా నాకు తిండి సహించలేదు.

ఆదివారం మామయ్య నూనె వేయిస్తానని గడియారం పట్టుకెళ్ళి, సాయంత్రానికల్లా తెచ్చాడు. డబ్బా పక్కన పెడితే ఉలుకూ పలుకూ లేదు.

"చూశావా అమ్మా, డబ్బా పాడైంది. మొన్నంతా ఉత్త గోల."

తన డబ్బా తప్పు చెప్పిందని ఆయన నోట వినడం అదే మొదటిసారి. పైగా వేళ్ళ నిండా నల్లరంగు. గుమ్మం దగ్గర నిలదీశాను.

"అరవకే! ల్యాబువాళ్ళు విప్పి, శుభ్రం చేసి, పాత డయల్‌ని సీసం పెట్టెలో పెట్టారు. కొత్తదాని మీద అంకెలు నేనే రాశాను. ఆరుసార్లు చెరిపాను. అమ్మకు చెప్పకు, బాధపడుతుంది."

నాకు ఒక్కసారిగా ఆకలేసింది.

లోపలికి వెళ్తే అమ్మమ్మ గడియారాన్ని కొంగుతో తుడుస్తోంది.

"నాలుగు ఎంత వంకరగా రాశాడో చూడు. రెండో తరగతి నుంచీ వీడి నాలుగు ఇంతే. నాకు తెలిసిందని వాడితో అనకు, బాధపడతాడు."

ఇంతలో వీధిలోంచి మామయ్య కేక వినిపించింది. "ఒసేయ్, పాపను కొలవడం మర్చిపోయానే!"

"డబ్బా పాడైందన్నావుగా, ఇంటికి పో!" అంది అమ్మమ్మ.